మిస్సింగ్

రంగూన్‌కి కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటివారం ఏదో వెలితిగా అనిపిస్తుంది కానీ, అదేమిటో వెంటనే తట్టదు. మోటార్‌సైకిళ్ళు. మాండలేలో చీమలబారులా కనపడే బళ్ళు ఇక్కడ నగరం నడిబొడ్డున ఒక్కటీ ఉండవు. 2003 నుంచి నగరంలో చాలా భాగం వాటికి నిషేధం. ఎందుకని అడిగితే ఒక్కో టీకొట్లో ఒక్కో కథ చెబుతారు. హైదరాబాదులో పదిహేనేళ్ళు బండి మీదే బతికిన నాకు ఆ నిశ్శబ్దం పడేది కాదు. ఆదివారాలు పాన్సొడాన్ రేవులో ఫెర్రీ ఎక్కి, నది దాటి డల వెళ్ళేవాణ్ణి. పది నిమిషాల ప్రయాణం. అవతలి ఒడ్డున పల్లెటూరు మొదలవుతుంది, దాంతోపాటే బళ్ళ మోతా మొదలవుతుంది.

బర్మావాళ్ళు మోటార్‌సైకిల్‌ని ‘సైంకే’ అంటారు. మన సైకిలే వాళ్ళ నోట్లో పడి అలా అయింది. ఫెర్రీ దిగేవాళ్ళ కోసం రేవు ముందు ఈ బళ్ళవాళ్ళు వరసగా నిలబడి ఉంటారు, మన ఆటోస్టాండులో లాగే. త్వాంతే దాకానో, దారిలో పల్లెలకో వెనక ఎక్కించుకుని తీసుకెళతారు. 2018 వానాకాలంలో నేను ఫోన్లో ఇంటికి మాట్లాడుతుంటే ఆ వరసలోంచి ఒక కుర్రాడు వచ్చి “తెలుగోరా అన్నా?” అన్నాడు.

పాతికేళ్ళుంటాయి. కార్డు మీద బర్మా పేరు, ఇంట్లో మామ్మ పిలిచే తెలుగు పేరు. రంగూన్‌ని మనవాళ్ళు ‘రంగం’ అనే రోజుల్లో ఓడరేవు కూలీలుగా, బియ్యం మిల్లుల్లో పనివాళ్ళుగా వచ్చినవాళ్ళ మునిమనవడు. కోరంగి రేవులో ఓడెక్కి వచ్చారని ఇక్కడ తెలుగువాళ్ళందరినీ ‘కోరంగీ’లు అనేవారు. 1942లో జపాన్ బాంబులకి జడిసి లక్షలమంది అడవులకి అడ్డంపడి నడిచి ఇండియా వెళ్ళిపోతే, మామ్మ పుట్టింటివాళ్ళు మాత్రం కదల్లేదట. ఈ కుర్రాడికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు.

ఆరోజు అతని బండి ఎక్కాను. మూడో కిలోమీటరులో బండి ఒక్కసారి ‘టప్’మని ఆగినట్టై, మళ్ళీ అందుకుంది. ఇంకాస్త దూరం పోయాక మళ్ళీ. “ఏటో అన్నా, రెండు నెలలయింది. మిస్సింగ్ కొడతంది” అన్నాడు.

పైకి మామూలుగానే అన్నాడు. టీకొట్లో కూర్చున్నాక తెలిసింది. బండి అప్పు చేసి కొన్నాడు, వారం వారం కట్టాలి. రోజూ ఇతని బండి మీదే బడికెళ్ళే పంతులమ్మ వేరే బండి మాట్లాడుకుంది. వరసలో తన వంతు వచ్చినా జనం పక్క బండి వైపు చూస్తున్నారు. అంతకుముందు వారం త్వాంతే రోడ్డు మీద లారీని దాటుతుండగా సరిగ్గా లారీ పక్కన ఇంజను చచ్చింది. వెనక ఒక తల్లి, ఆమె ఒళ్ళో బిడ్డ. ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నిద్రపట్టలేదన్నాడు. వచ్చినంతకి అమ్మేద్దామనుకుంటున్నాడు.

ఎప్పుడూ ఉండే జబ్బు సులువు. వచ్చిపోయే జబ్బుతోనే చావు. నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే సెకనుకి 50 సార్లు మండాలి. ప్రతిసారీ గాలి, పెట్రోలు, ఒత్తిడి, నిప్పురవ్వ, అన్నీ సమయానికి అందాలి. అందులో ఏది ఎప్పుడు తప్పినా బయటికి వినపడేది ఒకటే ‘టప్’.

షెడ్డు మేస్త్రీ పనికిరానివాడేం కాదు. ముందు ప్లగ్గు మార్చాడు. తర్వాత కార్బొరేటర్ విప్పి కడిగాడు. రోడ్డు పక్క సీసాల్లో అమ్మే పెట్రోల్లో నీళ్ళు కలిశాయేమోనని సీటు ఎత్తి ట్యాంకు ఖాళీ చేశాడు; రెండు రోజులు బండి బంగారంలా నడిచింది. మళ్ళీ మొదలైతే సీటు ఎత్తి సీడీఐ డబ్బా మార్చాడు. ఇంకో రెండు రోజులు. ఈ రెండేసి రోజుల సుఖమే అందర్నీ తప్పుదారి పట్టించిందని చివర్లో తేలింది. ఇక షెడ్డులో ఎంతసేపు తిప్పినా, మేస్త్రీ స్వయంగా రోడ్డు మీద చూసినా, బండిలో ఏ లోపమూ కనపడేది కాదు. వైద్యుడి గుమ్మం తొక్కగానే తగ్గిపోయే నొప్పి లాంటిది. చివరికి మేస్త్రీ “నీకే అలా అనిపిస్తోంది” అన్నాడట. అన్నిటికంటే ఆ మాటే కుర్రాణ్ణి ఎక్కువ బాధపెట్టింది.

నేను రెండు సంగతులు గమనించాను. పెట్రోలు అందకపోతే ఇంజను దాహంతో సొమ్మసిల్లినట్టు మెల్లగా నీరసించాలి. ఇది తాళం తిప్పి ఆపినట్టు ఠక్కున ఆగుతోంది. మళ్ళీ అందుకున్నప్పుడు సైలెన్సర్లో పేలుతోంది. అంటే మండని పెట్రోలు లోపలికి వెళుతూనే ఉంది. కనక నిప్పురవ్వే పోతోంది. చీకటిపడ్డాక ప్లగ్గు తీగ మీద నీళ్ళు చల్లి చూశాం, ఎక్కడైనా నీలం మెరుపులు కారుతున్నాయేమోనని. ఏమీ లేదు.

అప్పుడతనికి ఒక పని చెప్పాను. బడిపిల్లల నోటుబుక్కు ఒకటి కొని, బండి టప్‌మన్నప్పుడల్లా రాయమన్నాను. ఎందుకు అన్నది వద్దు, ఎప్పుడు అన్నది చాలు. వానా ఎండా, ఇంజను వేడిగా ఉందా, ట్యాంకులో పెట్రోలెంత, రోడ్డు గతుకులా, వెనక ఎవరున్నారు. “ఇది రాస్తే బాగవుద్దా?” అన్నాడు నవ్వి. కానీ రాశాడు. రెండు వారాల్లో ఆ గుండ్రటి బర్మా అక్షరాలతో నాలుగు పేజీలు నిండాయి.

నాకు ఆ లిపి రాదు, అతను చదువుతుంటే విన్నాను. వానలోనూ ఆగింది, ఎండలోనూ ఆగింది. ట్యాంకు నిండుగా ఉన్నా ఆగింది. ఒంటరిగా వెళుతున్నప్పుడు మాత్రం ఒక్కసారీ ఆగలేదు. బడిపిల్లాడొక్కణ్ణే ఎక్కించుకున్నప్పుడూ ఆగలేదు. మేస్త్రీ ఎప్పుడూ ఒంటరిగానే నడిపి చూసేవాడు!

బరువు మోసేటప్పుడు మిస్సింగ్ వస్తే ఎవరైనా ముందు నిప్పురవ్వ బలహీనంగా ఉందంటారు. బరువు లాగుతున్నప్పుడు సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో రవ్వ దూకడానికి ఎక్కువ ఓల్టేజి కావాలి. కానీ నోటుబుక్కులో ఒక వరస దీనికి ఒప్పుకోలేదు. రేవు దగ్గర బండి నిలబెట్టే ఉంది, ఇంజను ఊరికే తిరుగుతోంది, ఇద్దరు ఆడవాళ్ళు వెనక సర్దుకుని కూర్చున్నారు, ఆగిపోయింది. అప్పుడు ఇంజను లాగే బరువేమీ లేదు. సీటు మీద మాత్రమే ఉంది.

అదేదో తేల్చుకోవడానికి ఒక బియ్యం బస్తా తెచ్చాం. ఇక్కడ బస్తాకి 24 ప్యీలు, సుమారు యాభై కిలోలు. ముందు దాన్ని హ్యాండిల్‌కీ సీటుకీ మధ్య, కాళ్ళ దగ్గర పెట్టుకుని నడిపాడు. నాలుగు సార్లు పోయివచ్చినా ఏమీ కాలేదు. అదే బస్తాని వెనక సీటు మీద కట్టాం. రెండో గోతిలోనే ‘టప్’. ఇంజనుకి ఆ బస్తా ఎక్కడున్నా ఒకటే. సీటుకి ఒకటి కాదు.

సీటు ఎత్తాం. చాలా సీడీఐ బళ్ళలో ఒక తమాషా ఉంది. తాళం తిప్పి ఆపడమంటే కరెంటు తెంచడం కాదు, కలపడం. ఒక సన్నటి తీగని ఫ్రేముకి కలుపుతుంది తాళం. అది ఫ్రేముకి తగలగానే రవ్వ చచ్చిపోతుంది. ఆ తీగ సీటు కింద ఒక రేకు అంచు మీదుగా వెళుతోంది. బరువు పడినప్పుడల్లా సీటు అడుగు దాన్ని ఆ అంచుకి నొక్కుతోంది. ఒరిపిడికి పైతొడుగు పోయి, గోరంత మేర రాగి బయటపడి, పచ్చగా చిలుము పట్టి ఉంది. వెనక కూర్చున్న ప్రతివాళ్ళూ తెలియకుండానే క్షణంపాటు బండి తాళం తిప్పుతున్నారన్నమాట. మేస్త్రీ సీటు ఎత్తినప్పుడల్లా తీగ కాస్త జరిగేది. అందుకే ఆ రెండేసి రోజుల సుఖం.

అప్పటికీ నమ్మకం కుదరక ఆ తీగని సీడీఐ దగ్గర ఊడదీసి, బస్తా వెనకే ఉంచి త్వాంతే రోడ్డు మీద నడిపాడు. ఒక్క ‘టప్’ లేదు. తిరిగొచ్చాక తాళంతో ఆగదు కనక, సీడీఐ వైపు తీగ మొనని ఫ్రేముకి తాకించమన్నాను. ఇంజను ఠక్కున చచ్చింది. రెండు నెలలుగా విన్న అదే చావు. అతను ఆ మొనవంక చాలాసేపు చూశాడు. “నాకు అనిపించడం కాదు కదన్నా” అన్నాడు.

టేపు చుట్ట 500 చాట్లు. తీగకి చుట్టి, పైన రబ్బరు గొట్టం తొడిగి, రేకు అంచుకి దూరంగా కట్టేశాం. వారం తిరక్కుండా పంతులమ్మ మళ్ళీ ఇతని బండే ఎక్కింది.

నేనిందులో ఆ కుర్రాడికి తెలియంది కనిపెట్టింది తక్కువ. వెనక మనిషి ఎక్కితేనే ఆగుతోందని అతని ఒంటికి మొదటినుంచీ తెలుసు, మాటల్లో పెట్టడమే కష్టమైంది. జబ్బు ఉన్నవాడు చెప్పేదీ, చూసేవాడికి కనపడేదీ పొసగకపోతే, చెప్పేవాడిది భ్రమ అనడం సులువు. కానీ చూసేవాడు చూసిన పరిస్థితి వేరేమో. ఆఫీసులోనూ, ఆసుపత్రిలోనూ, ఇంట్లోనూ ఈ మధ్య నాకు తరచు గుర్తొస్తున్న సంగతి ఇది.

మేస్త్రీకి తీగ చూపిస్తే గట్టిగా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ఆ రేకు అంచుని ఆకురాయితో అరగదీసి నునుపు చేశాడు, డబ్బులు తీసుకోలేదు. ఇప్పుడు ఆ షెడ్డులో ఏ బండి బాగుచేసినా, రోడ్డు మీదికి తీసేటప్పుడు పనికుర్రాణ్ణి వెనక ఎక్కించుకుంటాడు.