దగ్గుకు సాకులు

జనవరి 16, 2025, గురువారం

ముక్కనుమ. తమ్ముడింట్లో భోజనం. మరదలు గారెలు, కోడికూర చేసి కొసరి కొసరి వడ్డిస్తుంటే వాడు రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేశాడు. చొక్కా మాత్రం పాతదే, లోపల మనిషే తగ్గాడు. "ఏంట్రా ఆ దగ్గు?" అంటే, "నూలు ధూళి అక్కా, కొత్తా ఏమిటి?" అన్నాడు. మరదలు, "ఎదురింటావిడ మిరప తొడిమలు తీసే పనికి పోతోంది వదినా. ఆమె ఇటొస్తే చాలు, ఆ ఘాటుకి అందరం దగ్గుతాం" అంది. నేను ఊరుకున్నానా? "మంచు కూడా ఎక్కువగా ఉందిలే" అని నా వంతు సాకు నేనూ కలిపాను.

మా వైపు ఇదే చిక్కు. చలికాలం మంచు, పత్తి తీతలప్పుడు దూది, మాఘం నుంచి మిరపకాయ, ఇంట్లో మగ్గం. దగ్గుకు ఏడాది పొడుగునా ఏదో ఒక కారణం సిద్ధంగా ఉంటుంది.

జనవరి 24, శుక్రవారం

నిలదీసి అడిగితే తేలింది. దగ్గు దసరా నుంచి ఉందట! రాత్రిళ్ళు చెమటకి తలగడ తడుస్తోందట. బజార్లో ఒక డాక్టరు రెండుసార్లు సిరప్ మార్చాడు, రెండుసార్లు యాంటీబయాటిక్ రాశాడు, కళ్ళె పరీక్ష మాట ఎత్తలేదు. ఆయన్ని తిడదామంటే నోరు రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు సైన్సు చెప్పినదాన్ని. ఏటా మార్చి 24న, టీబీ దినం నాడు, బోర్డు మీద "1882, రాబర్ట్ కాక్, టీబీ క్రిమి" అని రాసి, "రెండు వారాలు దాటిన దగ్గుకి కళ్ళె పరీక్ష" అని పిల్లల చేత వల్లె వేయించినదాన్ని. దసరాకీ సంక్రాంతికీ మధ్య ఎన్ని రెండు వారాలున్నాయో మాత్రం లెక్కపెట్టుకోలేదు.

జనవరి 29, బుధవారం

టీబీయే. సర్కారు ఆస్పత్రిలో కళ్ళెకి రెండు డబ్బాలిచ్చారు. ఒకటి అక్కడికక్కడ, రెండోది తెల్లారి లేవగానే. ట్రూనాట్ అనే యంత్రంలో చూశారు. గోవాలో తయారయ్యేదట. క్రిమి ఉందో లేదో మాత్రమే కాదు, రిఫాంపిసిన్‌కి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. లొంగే రకమే, బతికాం. టీబీ ఉన్నవాళ్ళందరికీ చేసినట్టే వీడికీ షుగరు, హెచ్ఐవీ చూశారు. షుగరు బయటపడింది. ఒంట్లో చక్కెర ఎక్కువైతే ఈ క్రిమికి పండగే. బరువు 43 కిలోలు, ఆ లెక్కన రోజుకి మూడు బిళ్ళలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన బిళ్ళ, తర్వాతి నాలుగు నెలలు మూడు మందులది. బిళ్ళలకి పైసా అక్కర్లేదు.

దారిలో వాడన్నది ఒకటే మాట: "అక్కా, వీధిలో ఎవరికీ చెప్పకు."

ఫిబ్రవరి 2, ఆదివారం

వాడి భయం నాకు తెలియనిదా? మేం పిల్లలుగా ఉన్నప్పుడు బస్సు మా ఊరి టీబీ శానిటోరియం దాటేదాకా ఊపిరి బిగపట్టేవాళ్ళం. అమ్మకి కోపమొస్తే "శానిటోరియంలో పడేస్తా" అనేది. ఇప్పుడు ఆ శానిటోరియం జాగాలోనే ఎయిమ్స్ ఉంది. 2015లో శంకుస్థాపన, 2024 ఫిబ్రవరిలో ప్రారంభం. పెద్ద పెద్ద మేడలు లేచాయి. ఆ మాటకున్న భయం మాత్రం మేడల కింద పూడిపోలేదు.

శానిటోరియాల రోజులు పోవడానికి మద్రాసులో జరిగిన పరిశోధనే పెద్ద కారణం. ఇంట్లో ఉండి మందులు మింగినా శానిటోరియంలో నయమైనంత బాగానే నయమవుతుందని, ఇంట్లోవాళ్ళకి అదనంగా అంటుకునేదేమీ లేదని 1959లోనే తేల్చారు. అరవై ఆరేళ్ళయింది. మరదలు ఇంకా, "పిల్లకి సంబంధాలు చూస్తున్నాం వదినా, ఈ ఆరు నెలలూ గడవనీ" అంటోంది. ఆమెకి ఏం చెప్పను?

నెలకి వెయ్యి రూపాయలు తిండికని బ్యాంకులో వేస్తారట. మొన్న నవంబరు దాకా అయిదొందలే. వాడు పాసుబుక్కు ఇవ్వనన్నాడు. బ్యాంకులో మా వీధి కుర్రాడున్నాడని! మగ్గం ఎక్కలేక మజూరీ రాని మనిషి వెయ్యి రూపాయలు వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. గంటసేపు పోట్లాడి నా చేత్తో తీసుకెళ్ళి ఇచ్చాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

పొద్దున్నే ఫోను. మూత్రం నారింజ రంగులో వస్తోందని ఇద్దరూ వణికిపోతున్నారు. రిఫాంపిసిన్ రంగది, భయం లేదన్నాను. బిళ్ళలిచ్చిన రోజే ఈ ముక్క చెప్పి ఉండాల్సింది. మందు మానేయబోయాడు.

ఇంట్లోవాళ్ళందరినీ పరీక్షకి పంపాం. ఎవరికీ జబ్బు లేదు. ముందుజాగ్రత్త మందు మొదలుపెట్టారు.

మార్చి 14, శుక్రవారం

తిరునాళ్ళ. స్వామి రథం లాగారు. ఇంటినిండా చుట్టాలు. కొండ మీంచి తెచ్చిన పానకం, స్వామి సగం తాగి సగం వదిలింది, అందరికీ పోస్తూ మరదలు వాడికి మాత్రం ఎర్రదారం కట్టిన గ్లాసు అందించింది. నాకు ఒళ్ళు మండింది. టీబీ గ్లాసులో ఉండదు, కంచంలో ఉండదు, దగ్గినప్పుడు గాలిలోకి వెళుతుంది. ఆరు వారాలుగా మందు మింగుతున్నాడు, ఇప్పుడు వాడి గాలికీ పెద్దగా భయం లేదు. కానీ దసరా నుంచి సంక్రాంతి దాకా ఆ ఒక్క గదిలో, గుంటమగ్గం చుట్టూ, కిటికీ మూసుకుని నలుగురూ పడుకున్నారే, అప్పుడు ఎవరూ దేన్నీ వేరుగా పెట్టలేదు.

చుట్టాల ముందు ఏమీ అనలేదు. వాడి చేతిలోది లాక్కుని ఆ గ్లాసుతో నేనే తాగాను.

మార్చి 24, సోమవారం

బడికి పిలిచారు, టీబీ దినం కదా. ఈసారి కాక్ గురించి రెండు మాటలతో సరిపెట్టాను. జార్ఖండ్ సంగతి చెప్పాను. టీబీ వచ్చినవాళ్ళ ఇంటిల్లిపాదికీ నెలనెలా బియ్యం, పప్పు ఇచ్చి చూస్తే, ఆ ఇళ్ళలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఆ ఫలితాలు 2023లో వచ్చాయి. "మీ ఇంట్లో ఎవరన్నా దగ్గుతున్నారా?" అంటే చెయ్యి ఎత్తినవాడు ఒక్కడు లేడు. "దగ్గుకి మీ ఇంట్లో ఏం కారణం చెబుతారు?" అన్నాను. అన్ని చేతులూ లేచాయి.

ఏప్రిల్ 20, ఆదివారం

47 కిలోలు. మగ్గం ఎక్కాడు. ఎక్కగానే కిటికీ మూశాడు! వేడిగాలికి పడుగు ఎండి పోగులు తెగుతాయట. వాడి బాధ వాడిది, నిజమే. చివరికి కిటికీ తీసి గోనెపట్టా తడిపి కట్టాం. గాలీ వస్తుంది, చెమ్మా ఉంటుంది. మధ్యాహ్నం రెండుసార్లు తడపడం నా పని.

అలా తడుపుతుంటే ఎదురింటావిడ మిర్చి యార్డు నుంచి వచ్చి అరుగు మీద కూలబడి దగ్గింది. నన్ను చూసి నవ్వి, "మిరపకాయల ఘాటు టీచరమ్మా" అంది.

చెంబు కింద పెట్టి వీధి దాటి వెళ్ళాను. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.