రెండు గడియారాలు

శ్రీకాళహస్తిలోని మా యింట గోడకు రెండు గడియారాలున్నవి. ఒకటి మన కాలానిది. రెండవది రెండున్నర గంటలు ముందు నడిచే మలేషియాది. తమ్ముడు కౌలాలంపూర్‌లో ఉన్నందున అమ్మ చేసిన ఏర్పాటది. 1982 జనవరి 1న పశ్చిమ మలేషియా తన గడియారాలను అరగంట ముందుకు జరిపి సబా, సారవాక్‌ల కాలంతో ఏకమైనది. అంతకు పూర్వం మనతో అంతరం రెండు గంటలే. ఆంగ్లేయుల కాలంలో అక్కడి రబ్బరు తోటలకు వెళ్ళిన మన తెలుగు కూలీలకు ఈ లెక్కలెక్కడివి? ఉత్తరం అందినదే వేళ.

మేనమామ అక్కడ అర్ధరాత్రి దాటి ఒంటిగంటకు, శుక్రవారం, కన్నుమూశారు. ఇక్కడింకా గురువారం రాత్రి పదిన్నర. అమ్మకు కడసారి చూపు దక్కలేదు. మరణదినం ఏదని వ్రాసుకోవాలో తేలక మేము తర్జనభర్జన పడుతుండగా ఆమె, "మగ్రిబ్‌తోనే శుక్రవారం వచ్చింది గదా బేటా! రెండుచోట్లా జుమ్మా రాత్రే" అన్నది.

ఆ రెండవ గడియారానికి నేటికీ ఆమే కీ ఇస్తున్నది.