రెండు పేరుల బిడ్డలు

పూర్వికుల జాడ వెదకువానికి మొదట కావలసినది పేరు. పేరు తెలిసినచో పాత చిట్టాలు తెఱచి చూడవచ్చును. తెలియనిచో నవి యున్నను లేనట్లే. తమ వంశమున ఆంగ్లేయుడైన ముత్తాత యొకడుండెనని వినినవారికి ఈ విషయమున నొక సౌకర్యము గలదు. కంపెనీవారి కాలమున మద్రాసు, బంగాళము, బొంబాయి రాజధానులలో జరిగిన బాప్తిస్మముల, వివాహముల, సమాధుల లెక్కలు ప్రతులు వ్రాయబడి లండనునకు పోవుచుండెడివి. అవి నేటికిని బ్రిటిషు లైబ్రరీయందు భద్రముగా నున్నవి. కాని తల్లి యీ దేశపు స్త్రీ యైనచో నామె పేరు వానిలో తఱచుగా దొరకదు. తండ్రి కొమ్మ చిక్కును. తల్లి కొమ్మ చీకటిలో కలిసిపోవును.

మా బడిపిల్లలచేత నొకమారు వంశవృక్షములు వ్రాయించితిమి. తాత, ముత్తాత, అతని తండ్రి పేరులు చాలమంది వ్రాసిరి. అమ్మమ్మ తల్లి పేరు వ్రాసినవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. తర్పణము విడుచునపుడు పితామహి, ప్రపితామహి, మాతామహి యని స్త్రీలను గూడ పేరు పెట్టి తలచుకొను జాతి మనది. పీటమీదనుండి లేచినంతనే వారికి వంశవృక్షమున చోటు లేదు. కావున ఆంగ్లేయుల చిట్టాలను చూచి మనము నవ్వ నక్కఱలేదు.

ఈ లోపమెంతటిదో మన హైదరాబాదునందు జరిగిన యొక కుటుంబకథవలన తెలియును. జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ 1764లో మద్రాసున జన్మించెను. 1798 మొదలు 1805 వఱకు నిజాము దర్బారున కంపెనీ రెసిడెంటుగా నుండెను. ఫ్రెంచివారి సైన్యమును నిజాము కొలువునుండి తొలగించిన 1798 నాటి సంధి యతని కాలముననే జరిగెను. కంపెనీ కాగితములలో నతడు కర్క్‌పాట్రిక్. పారసీక పత్రములలో హష్మత్ జంగ్. ఒక్క పేరుతో వెదకువానికి సగము మనుష్యుడే దొరకును.

1800 ప్రాంతమున నతడు పాతనగరపు గొప్పయింటి కన్య యగు ఖైరున్నిసాను ఇస్లాము విధిని వివాహమాడెను. ఆమె తాత బాకర్ అలీ ఖాను, దివానుగా ప్రసిద్ధికెక్కిన మీర్ ఆలం జ్ఞాతులు. వారి పెద్దలు ఇరాను దేశపు షూష్తరునుండి వలస వచ్చినవారు. ఒక పరదేశి కుటుంబము మఱియొక పరదేశితో వియ్యమందెను. దక్కను రెంటికిని పుట్టినిల్లయ్యెను. ఈ సంబంధమును గూర్చి గవర్నరు జనరలు వెల్లెస్లీకి అనుమానము కలిగి, 1801లో మద్రాసున లార్డు క్లైవుచేత రహస్య విచారణ జరిపించెను. బౌజరు, ఆర్ అను సైనికోద్యోగులు ప్రమాణము చేసి వాఙ్మూలములిచ్చిరి. చిత్రమేమనగా, ఈమె కథ నేడు మనకింత విపులముగా తెలియుట కొక కారణ మా విచారణయే. గౌరవించి వ్రాసినవారు కొలదిమంది. శంకించి వ్రాసినవారు పుంఖానుపుంఖముగా వ్రాసిరి. భర్త వ్రాసిన మరణశాసనము మాత్ర మట్లు కాదు. అందామె పేరు స్పష్టముగా నున్నది. ఆమెకు సొంత జాగీరులున్నను, తన ప్రేమకు గుర్తుగా పదివేల హైదరాబాదు రూపాయలు వ్రాసియిచ్చెను.

వారికి 1801లో సాహెబ్ ఆలం అను కుమారుడును, 1802లో సాహెబ్ బేగం అను కుమార్తెయు కలిగిరి. 1805లో, నాలుగేండ్ల బాలుని, మూడేండ్ల బాలికను మద్రాసున నోడయెక్కించి విలాయతునకు పంపిరి. ఆ సంవత్సరమే అక్టోబరు 15వ తేదీన తండ్రి కలకత్తాలో మృతినొందెను. 1806 మార్చి 25న లండను మేరిల్‌బోనులో బిడ్డలకు బాప్తిస్మమిచ్చి విలియం జార్జి, కేథరిన్ అరోరా అని పేరులు పెట్టిరి. సాహెబ్ బేగం అను పేరుతో వెదకుచు పోవువానికి దారి ఆనాటితో తెగిపోవును. తల్లి 1813లో ఇరువదియేడేండ్ల ప్రాయమున హైదరాబాదున మరణించెను. బిడ్డలను మఱల చూడలేదు. మూసీకి ఉత్తరపుటొడ్డున భర్త కట్టించిన రెసిడెన్సీ నిలిచియున్నది. 1949 మొదలు స్త్రీవిద్యకు నెలవైనది. ఆమె నివసించిన రంగమహలును మాత్రము 1860లో నొక రెసిడెంటు కూలద్రోయించెను.

ఓడయెక్కక మునుపు మద్రాసున చినరీ యను చిత్రకారుడు ఆ బిడ్డల పటము వ్రాసెను. అది కర్క్‌పాట్రిక్ క్రింద పనిచేసిన హెన్రీ రసెలు ఇల్లు చేరెను. అన్న 1828లో చనిపోయెను. మఱుసటి యేడు కేథరిన్ — అందఱును కిట్టీ యనెడివారు — ఫిలిప్స్ అను సైనికోద్యోగిని వివాహమాడెను. పిమ్మట నొకనాడు రసెలు ఇంటికిపోయి, గోడమీద తన చిన్ననాటి రూపమునే చూచి కంటతడి పెట్టెనట. తల్లి తల్లియగు షరఫున్నిసా హైదరాబాదున నింకను సజీవురాలై యున్నదని యామెకు తెలిసెను.

1841లో జాబులు మొదలయ్యెను. మనుమరాలికి పారసీకము రాదు. అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. ముసలామె చెప్పగా లేఖకులు బంగారుపొడి చల్లిన కాగితములపై వ్రాసెడివారు. కిట్టీ తన జాబులలో, విడిపోవునాడు తల్లి యేడ్చిన యేడ్పు, జుట్టు పీకికొనిన తీరు తనకింకను కన్నులకు కట్టినట్లున్నదని వ్రాసెను. తలిదండ్రుల వివాహమును గూర్చి యడిగెను. ఏ సర్కారు విచారణయు అడుగని రీతిగా నడిగెను. అమ్మమ్మయు తెలిసినది దాచక వ్రాసెను. ఆరు సంవత్సరములు సాగిన యా జాబులు రెసిడెన్సీ యుద్యోగి డంకన్ మాల్కం చేతిమీదుగా, అనగా తండ్రి కట్టించిన యింటిమీదుగనే, రాకపోకలు చేసెను. అమ్మమ్మను మనుమరాలు కన్నుల చూడలేదు. కిట్టీ 1889లో టార్కీ పట్టణమున మరణించెను. జాబులను ఆమె సంతతివారు దాచియుంచిరి.