వెళ్ళొస్తాను

ఇల్లు మారటం ఎంత పనో మీ అమ్మా నాన్నలకు తెలుసు. దేశం మారటం అంతకన్న పెద్ద పని. నేను జపానులో మూడేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి, 2025 జూలైలో మన దేశానికి తిరిగి వచ్చాను. పెట్టెలు సర్దటం నాకు కష్టమనిపించలేదు. ఒక్క మాట దగ్గర మాత్రం చిక్కుకుపోయాను. ఆ సంగతే ఇప్పుడు చెబుతాను.

నేను ఉన్న ఊరి పేరు మత్సుయే. జపాను దీవులలో అన్నిటికన్న పెద్దది హోన్షూ. దాని పడమటి భాగాన, షింజి అనే సరస్సు ఒడ్డున ఉన్నది మత్సుయే. ఆ సరస్సులో నీళ్ళు పూర్తిగా ఉప్పనా కావు, పూర్తిగా చప్పనా కావు. మన పులికాట్ సరస్సులో లాగే సముద్రపు నీరూ, ఏటి నీరూ అందులో కలుస్తాయి. అటువంటి నీటిలో షిజిమి అనే చిన్న ఆలుచిప్పలు పెరుగుతాయి. తెల్లవారగానే జాలరులు చిన్న పడవల మీద వెళ్ళి, పొడుగాటి కర్రకు తగిలించిన బుట్టతో అడుగున గోకి వాటిని పైకి తీస్తారు. ఊరి మధ్య 1611లో కట్టిన కోట ఇప్పటికీ నిలబడి ఉన్నది. అది కొయ్యతో కట్టిన కోట.

నాకన్న చాలా కాలం ముందు ఇదే ఊళ్ళో ఇంగ్లీషు చెప్పిన పంతులు ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు లాఫ్‌కాడియో హెర్న్. 1850లో గ్రీసు దేశపు దీవిలో పుట్టి, అమెరికాలో పత్రికలకు వ్రాసి, 1890లో మత్సుయే చేరాడు. ఇక్కడ ఉన్నది ఏడాదీ మూడు నెలలే. 1891 నవంబరులో ఆయన ఊరు విడిచి వెళ్ళేటప్పుడు శిష్యులు రేవు దాకా వచ్చి సాగనంపారు. తరవాత ఆయన జపాను పౌరుడై, కొయిజుమి యకుమో అని పేరు పెట్టుకున్నాడు. ఆయన 1894లో అచ్చు వేసిన పుస్తకంలో చివరి అధ్యాయం ఆ వీడ్కోలు గురించే. దాని పేరు ‘సయొనరా’.

జపాను ప్రభుత్వం 1987 నుంచి ఇతర దేశాల యువతీ యువకులను పిలిపించి, బడులలో సహాయోపాధ్యాయులుగా నియమిస్తున్నది. నేను కూడా అలాగే 2022 ఆగస్టులో వెళ్ళాను. మాది బాపట్ల. ‘బాపట్ల పిల్ల జపాను పిల్లలకు ఇంగ్లీషు చెప్పటమేమిటి?’ అని మా బంధువులు నవ్వారు. కాని ఒక విషయంలో నాకు సులువయింది. మనం బస్సు అంటాం, డెస్కు అంటాం. జపాను పిల్లలు ‘బసు’ అనీ, ‘దెసుకు’ అనీ అంటారు. మాటను అచ్చుతో ముగిస్తేనే వాళ్ళకూ మనకూ నోటికి హాయి. వాక్యం కూడా మన వాక్యం లాగే నడుస్తుంది. ‘నేను అన్నం తింటాను’ అనే మూడు మాటలూ జపాను భాషలోనూ అదే వరసలో వస్తాయి. అందుచేత ఇంగ్లీషులో పిల్లలు ఎక్కడ తడబడతారో నాకు ముందే తెలిసిపోయేది. చిన్నప్పుడు నేను తడబడినదీ అక్కడే.

మా ఇంటి పక్కన ఒక ముసలమ్మ ఒంటరిగా ఉండేది. అందరిలాగే నేను కూడా ఆవిడను ‘ఒబాసాన్’ అని పిలిచేదాన్ని. అంటే బామ్మగారు అన్నమాట. మొదటి వారంలో ఒకనాడు నేను సైకిలు తీసి బడికి బయలుదేరుతుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి, ‘‘ఇత్తెరశ్షాయి,’’ అన్నది. నాకు అర్థం కాలేదు. సాయంత్రం ఆవిడే విడమరిచి చెప్పింది.

ఇంట్లోంచి బయటికి వెళ్ళేవాళ్ళు ‘ఇత్తెకిమాసు’ అంటారట. ‘వెళ్ళి వస్తాను’ అని అర్థం. ఉండేవాళ్ళు ‘ఇత్తెరశ్షాయి’ అంటారు. ‘వెళ్ళి రండి’ అని అర్థం. తిరిగి వచ్చినవాళ్ళు ‘తదైమా’, అంటే ‘ఇప్పుడే వచ్చాను’ అంటారు. దానికి జవాబు ‘ఒకయెరి’. మన ఇళ్ళల్లో, వచ్చిన మనిషిని కళ్ళారా చూస్తూ కూడా ‘వచ్చావా?’ అని అడుగుతారు చూడండి, అలాంటిదన్నమాట.

ఇది విని నేను నిర్ఘాంతపోయాను. మా నాయనమ్మ ఇల్లు కదిలేవాళ్ళను ‘వెళ్తున్నాను’ అననిచ్చేది కాదు. ‘వెళ్ళొస్తాను అనాలే! వెళ్తున్నానంటే వెళ్ళిపోయినట్టే,’ అని కేకలు వేసేది. అంత దూరాన, అదే మాట, అదే అర్థంతో! ఆ రోజు నుంచి నేనూ ఒబాసానూ పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట తప్పకుండా అనుకునేవాళ్ళం.

2024 జనవరిలో ఒక ఉదయం ఏడున్నరకు నేను బడికి తయారవుతుంటే ఫోను మోగింది. జపానులో మనకన్న మూడున్నర గంటల ముందు తెల్లవారుతుంది. అంటే బాపట్లలో అప్పుడు నాలుగు గంటలు. అంత చీకటితో అమ్మ ఫోను చెయ్యదు. నాయనమ్మ పోయిందని చెప్పింది. వెంటనే బయలుదేరినా రెండో రోజుకు గాని ఇల్లు చేరలేను.

‘‘ఇప్పుడు వచ్చి ఏం చేస్తావు? వేసవిలో రా,’’ అన్నది అమ్మ. వేసవిలో కూడా ఏదో పని కల్పించుకుని నేను పోలేదు. నాయనమ్మ లేని ఇంటికి పోవటానికి మనసు రాలేదు. ఇల్లు విడిచేటప్పుడు నేను ఆవిడ కాళ్ళకు దండం పెట్టి, ‘‘వెళ్ళొస్తాను, నాయనమ్మా,’’ అన్నాను. ఆవిడ, ‘‘వెళ్ళిరా,’’ అన్నది. ఆ మాట నేను నిలుపుకోలేదు. అప్పటి నుంచీ పొద్దున్నే ‘ఇత్తెకిమాసు’ అనేటప్పుడు నాకు గొంతులో ఏదో అడ్డుపడేది.

2025 వేసవిలో నేను ఉద్యోగం వదిలి ఇంటికి తిరిగిపోవటానికి నిశ్చయించుకున్నాను. సంగతి తెలియగానే బడిలో పిల్లలు నా చుట్టూ మూగి, ‘‘మళ్ళీ ఎప్పుడు వస్తారు?’’ అని అడిగారు. ‘తొందరలోనే వస్తాను’ అనటం ఎంతసేపు! కాని నాకు నోరు పెగలలేదు. నిజానికి మళ్ళీ వస్తానో రానో నాకే తెలియదు.

జపానులో ఊరు విడిచేవాళ్ళు చెయ్యవలసిన పనులు చాలా ఉన్నాయి. ఫలానా తేదీన వెళ్ళిపోతున్నానని మునిసిపల్ ఆఫీసులో వ్రాసి ఇవ్వాలి. గ్యాసువాడు వచ్చి మీటరు చూసి లెక్క తేల్చి గ్యాసు కట్టేస్తాడు. అన్నిటికన్న చిక్కు చెత్త పారెయ్యటం! మండేది వేరు, మండనిది వేరు, సీసాలు వేరు, కాగితాలు వేరు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క రోజు. రెఫ్రిజిరేటరు, బట్టలుతికే యంత్రం లాంటివి చెత్తలో వెయ్యనే కూడదు. 2001 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం వాటిని విడదీసి, లోహాలూ, అద్దాలూ మళ్ళీ వాడకంలోకి తెస్తారు. అందుకయే రుసుము పారేసేవాడే ఇచ్చుకోవాలి. కొనేటప్పుడే కాక వదిలించుకునేటప్పుడు కూడా డబ్బు ఖర్చు అని నాకు అక్కడే తెలిసింది.

ఒబాసాన్ రోజూ సాయంత్రం వచ్చి నా సామాను విడదీసి పెట్టేది. ఒకనాడు నేను పింగాణీ సామాను మూటగడుతుంటే, ఆవిడ అందులోంచి నా అన్నం గిన్నె పైకి తీసింది. జపాను ఇళ్ళలో ఎవరి అన్నం గిన్నె వాళ్ళకుంటుంది. ఒకరిది ఒకరు వాడరు.

‘‘ఇది మండనివాటిలోకి వెళ్ళాలి కదూ?’’ అన్నాను.

‘‘ఇది చెత్త కాదు,’’ అన్నది ఒబాసాన్.

నాకు ఏడుపు వచ్చింది. నాయనమ్మ సంగతంతా ఆవిడతో చెప్పాను. తిరిగి రాకుండానే ‘వెళ్ళొస్తాను’ అనటం అబద్ధం కాదా అని అడిగాను.

ఒబాసాన్ వెంటనే ఏమీ చెప్పలేదు. నన్ను తన వంటింట్లోకి తీసుకుపోయి అలమార తలుపు తీసింది. లోపల రెండు గిన్నెలు ఉన్నాయి. ఒకటి ఆవిడది. రెండోది నీలం చారల గిన్నె.

‘‘ఇది మా అబ్బాయిది. వాడు ఒసాకాలో ఉద్యోగానికి పోయి ఇరవై ఏళ్ళయింది. కొన్నేళ్ళు పండుగకు వస్తాడు, కొన్నేళ్ళు రాడు. రాని ఏడు వాడు అబద్ధమాడాడని నేను అనుకోను, పంతులమ్మా. గిన్నె మీద దుమ్ము తుడిచి పెడతాను, అంతే,’’ అన్నది ఆవిడ.

తరవాత నా గిన్నె కూడా తుడిచి ఆ రెంటి పక్కనే పెట్టి తలుపు మూసింది.

జూలై 20 ప్రాంతంలో అక్కడ బడులకు వేసవి సెలవులు ఇస్తారు. నా ఆఖరి పాఠం ఆరో తరగతికి. ఆ తరగతిలో కిటికీ పక్కన కూర్చునే కుర్రవాడు ఒకడున్నాడు. వాడు మూడో తరగతిలో ఉన్నప్పటి నుంచి నాకు తెలుసు. మూడేళ్ళలో వాడు నా పాఠంలో ఒక్క మాట పైకి అనలేదు. అడిగితే తల వంచుకునేవాడు. మొదటి ఏడు నేను చాలా ప్రయత్నించాను. తరవాత అడగటమే మానేశాను. అది నా తప్పే.

పాఠం ముగించి, నల్లబల్ల తుడిచి, ‘‘గుడ్‌బై, ఎవిరిబడీ,’’ అన్నాను. అప్పుడు ఆ కుర్రవాడు లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

‘‘యువా హోము, గుడ్డోబై, వాట్టో?’’ అన్నాడు.

మీ ఇంట్లో గుడ్‌బైకి ఏమంటారు, అని వాడి ప్రశ్న. అందులో క్రియ అనేది లేదు. నేను దిద్దలేదు. వాడు ఆ నాలుగు మాటలూ కూడబలుక్కోవటానికి ఎన్ని రోజులు పట్టిందో!

సుద్దముక్క తీసి నల్లబల్ల మీద తెలుగులో ‘వెళ్ళొస్తాను’ అని వ్రాశాను. గుండ్రటి అక్షరాలు చూసి పిల్లలు ఆశ్చర్యపోయారు. అది మీ ‘ఇత్తెకిమాసు’ అని చెప్పగానే అందరూ ఒక్కసారిగా, ‘‘ఓ!’’ అన్నారు.

‘‘మరి మేమేమనాలి?’’ అని అడిగింది ఒక అమ్మాయి.

పిల్లలు పంతులమ్మతో ‘వెళ్ళి రండి’ అనాలి. కాని నాకు ఆ క్షణాన నాయనమ్మ మాటే నోటికి వచ్చింది. ‘‘వెళ్ళిరా,’’ అన్నాను.

జపాను భాషలో ‘వ’ లాంటి ధ్వనులు ‘బ’ అవుతాయి. ‘ల’ కారం లేక ‘ర’ పలుకుతారు. ముప్ఫై మంది పిల్లలు గొంతెత్తి, ‘‘బెర్రిరా!’’ అన్నారు. నా చెవికి అది ‘వెర్రిరా!’ అన్నట్టే వినబడింది. నేను ఆపుకోలేక నవ్వాను. పిల్లలు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు. నవ్వుతూనే, ‘‘వెళ్ళొస్తాను,’’ అన్నాను. ఏడాదిన్నర తరవాత ఆ మాట గొంతుకు అడ్డుపడకుండా వచ్చింది.

బయలుదేరే రోజు ఉదయం పెట్టెలు రెండూ వీధిలో పెట్టి, తాళం చెవి ఇంటివాళ్ళకు ఇచ్చేసి ఒబాసాన్ దగ్గరికి వెళ్ళాను. అక్కడి మర్యాద ప్రకారం వంగి, ఇంతకాలం నన్ను కనిపెట్టి చూసినందుకు కృతజ్ఞతలు చెప్పాను. ‘సయొనరా’ అనబోయాను. ఆ మాటకు అసలు అర్థం ‘అలా అయితే’ అని. బడి వదిలేటప్పుడు పిల్లలు పంతుళ్ళకు అదే చెబుతారు. కాని ఇంట్లోవాళ్ళతో ఎవరూ ఆ మాట అనరు.

నేను నోరు తెరిచే లోపలే ఆవిడ రోజూ లాగే, ‘‘ఇత్తెరశ్షాయి,’’ అన్నది.

‘‘ఇత్తెకిమాసు,’’ అన్నాను.

మత్సుయే నుంచి ఒకయామా పోయే రైలు పేరు ‘యకుమో’. హెర్న్ పంతులు పెట్టుకున్న పేరే. అది ఎక్కి, ఒకయామాలో బుల్లెట్ రైలు పట్టుకుని, సాయంత్రానికి ఒసాకా విమానాశ్రయం చేరాను. నివాసపు కార్డు ఉన్న విదేశీయులకు అక్కడ ఒక చీటీ ఉంటుంది. మళ్ళీ తిరిగి వచ్చేవాళ్ళయితే దాని మీద ఒక గడిలో గుర్తు పెట్టాలి. నేను ఆ గడి ఖాళీగా వదిలేశాను. కాగితం అడిగిన దానికి నిజమే చెప్పాలి కదా! ఆఫీసరు నా నివాసపు కార్డుకు చిల్లు పొడిచి తిరిగి ఇచ్చాడు. దానితో ఆ దేశంలో నా కాపురం లెక్క ప్రకారం ముగిసింది.

మర్నాటి రాత్రి చెన్నై నుంచి రైలులో బాపట్ల చేరాను. అమ్మ వీధి గుమ్మంలో నిలబడి ఉన్నది.

‘‘వచ్చావా?’’ అన్నది.

‘‘వచ్చాను,’’ అన్నాను.

కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి అమ్మ అన్నం వడ్డించటానికి పై అలమారలోంచి నా పాత కంచం దించుతున్నది. నాయనమ్మ బతికి ఉన్నన్నాళ్ళూ ఆ కంచం ఇంకెవరికీ పెట్టనివ్వలేదట. వారానికొకసారి తానే తోమి, తుడిచి, మళ్ళీ అక్కడే బోర్లించేదట.