కొబ్బరి లారీలో ఉద్దానానికి

నాన్న ఉద్యోగం శ్రీకాకుళంలో, సొంతూరు ఉద్దానంలో, కవిటి పక్కన. సంక్రాంతికి మేం ఊరెళ్ళేది చిన్నాన్న లారీలో. కొబ్బరికాయలు ఎత్తుకురావడానికి ఖాళీగా వెళ్ళే బండి అది. 120 కిలోమీటర్ల దారికి తెల్లారగట్ల బయల్దేరితే ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేసేవారు, ఎందుకంటే చిన్నాన్నకి దారిలో పనిలేని ఊరంటూ లేదు. వెనక తొట్టిలో ఎండుగడ్డి, దాని మీద దుప్పటి, దాని మీద మేం పిల్లలం, మా మధ్య అడ్డపొగ కాలుస్తూ మామ్మ. చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, కబుర్లు ఆపకుండా ఎలా కాల్చేదో నాకిప్పటికీ అంతుపట్టదు. గడ్డి అంటుకుంటుందని ఎవరికీ భయం లేదు, నిప్పు నోట్లోనే ఉంది కదా!

ఆ దారి చిత్రం ఏమిటంటే, సముద్రం కుడిచేతి పక్కనే ఉంటుంది గానీ కనబడదు. "ఏదే మామ్మా సముద్రం?" అని మేం ప్రాణం తీస్తుంటే, "సంద్రం యెక్కడికి ఎలిపోద్ది రా గుంటా, కూకో" అనేది. నౌపడ దగ్గర ఉప్పు మడుల్లో బురద తొక్కేవాళ్ళ మీదుగా చవిటి వాసన వచ్చేది. తేలినీలాపురంలో ఇళ్ళ మధ్య చెట్ల నిండా గూడబాతులు, రంగుల కొంగలు, కింద రెట్టల కంపు. ఆ ఊళ్ళో ఎవరూ వాటిని అదిలించరు, అవొస్తేనే వానలూ పంటలూ అని నమ్మకం. పలాసలో జీడిపిక్కలు కాల్చే పొగకి కళ్ళు మండేవి. చేతులకి బూడిద రాసుకుని ఆడవాళ్ళు పిక్క మీద ఒక్క దెబ్బ వేస్తే పప్పు విరగకుండా బయటపడేది, జీడి అంటిన వేళ్ళు మాత్రం నల్లగా కమిలి ఉండేవి. మందస వచ్చేసరికి ఎడంవైపు మహేంద్రగిరి. పరశురాముడు ఇంకా అక్కడే తపస్సులో ఉన్నాడని మామ్మ దణ్ణం పెట్టి, మా చేతా పెట్టించేది.

ఆ కొండమీద పుట్టిన మహేంద్రతనయ బారువలో సముద్రంలో కలుస్తుంది. మాకూ అక్కడే కనబడేది సముద్రం, సరుగుడు తోట దాటగానే, ఒక్కసారిగా. ఒడ్డుకి లాగిన తెప్పలు, ఇసుకలో ఆరబోసిన నెత్తళ్ళు, లైట్‌హౌసు. మేం నీళ్ళలోకి పరిగెడితే మామ్మ చేపల దగ్గర చతికిలబడి, గంపెత్తే ఆవిడతో బేరం మొదలెట్టేది. ఆ బేరం తెగేదాకా మాకు సముద్రం సొంతం.

అక్కణ్ణుంచి ఊరిదాకా కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలే, మిట్టమధ్యాహ్నమైనా రోడ్డు మీద ఎండ పడేది కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ చెట్లని వేళ్ళతో సహా పడగొట్టేసింది. మావాళ్ళు మళ్ళీ నాటుకున్నారు. ఇప్పుడు హైవే మీద రెండు మూడు గంటల్లో ఇచ్ఛాపురం దాటేస్తున్నారు, సముద్రం వాసనైనా తగలకుండా. మీరు అటు వెళితే సోంపేట దగ్గర కుడివైపు తిరిగి, ఓ పూట బారువలో ఆగండి.