ముసాఫరు బంగళా

విక్టోరియా రాణి కాలంలో ఊళ్లు తిరిగే దొరలు రాత్రికి దిగడానికి కట్టించుకున్న ఇళ్లను మనవాళ్లు ముసాఫరు బంగళాలన్నారు. ఎత్తయిన పైకప్పు, చుట్టూ వరండా, వెనక వంటిల్లు. వంటింట్లో ఖాన్సామా. చాలాచోట్ల అతను సాయిబే. అతను వండిన కోడికూర తిని దొర నిద్రపోయేవాడు. ముసాఫరు అరబ్బీ మాట. ఖాన్సామా పారసీ మాట.

దొరలు పోయారు. అలాంటి ఒక పాత బంగళాలో, విజయనగరం జిల్లాలో, ఓ రాత్రి బస చేశాను. రిజిస్టరులో నా పేరు చూసి అక్కడి మనిషి అడిగాడు:

"ఏ ఊరు బాబూ మీది?"

"శ్రీకాకుళం."

"అది కాదు, అసలు ఊరు?"

ఏం చెప్పాలి? కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ శ్రీకాకుళంలో జామియా మసీదు కట్టించింది 1641లో. అప్పటికి ఈ బంగళా లేదు, దాన్ని కట్టించిన దొరల రాజ్యమూ లేదు. అలాగని నేను ఫౌజుదార్ల వారసుణ్ణి కాను. మావాళ్లు పరుపులు కుట్టి బతికారు. మీరు తాగిన నాగావళి నీళ్లే తాగారు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ రెండు జిల్లాల్లో మేం నూటికి ఒక్కరం కూడా లేం. అందుకే కాబోలు, మేం కనబడితే ఎక్కణ్ణుంచో వచ్చినట్టే ఉంటుంది మీకు. కానీ జిల్లా, తాలూకా, వకీలు, ఫిర్యాదు, ఆఖరికి రైతు - ఈ మాటల అసలు ఊరు ఎవరైనా అడిగారా?

మాట మీ ఇంటిదైపోయింది. మనిషి మాత్రం ఇంకా ముసాఫరేనా?