లేని మూలము

మా పెద్దమండ్యములో సాయంకాలము అరుగుమీద కూర్చుండుట నాకు అలవాటు. పొరుగింటి బాలిక మదనపల్లెలో ఇంటర్మీడియట్ చదువుచున్నది. గణితపుస్తకములోని ఇంగ్లీషు మాటల కర్థమడుగుటకు అప్పుడప్పుడు నాయొద్దకు వచ్చును. నేను సంస్కృతమును ఇంగ్లీషును చదివి భాషలు చెప్పువాడను. గణితము నా వృత్తి కాదు. అయినను "తెలియదు" అనుట ఉపాధ్యాయున కెంత కష్టమో నా తోడివా రెరుగుదురు.

ఒకనాడామె "ఇమేజినరీ" అను మాట చూపినది. కల్పిత మని చెప్పి, అంతటితో ఊరకుండక, మహావీరాచార్యుని ప్రస్తావన తెచ్చితిని. క్రీ.శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున, గణితసారసంగ్రహమును రచించిన ఆ జైనపండితుడు, ధనమునకును ఋణమునకును గూడ వర్గము ధనమే యగుటచే, ఋణము స్వభావముచేతనే వర్గము కాదనియు, కావున దానికి మూలము లేదనియు నిర్ణయించినాడు. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెనిగించెను. ఇంత చెప్పి, నా పాండిత్యమునకు నేనే సంతోషించితిని.

బాలిక కొంతసేపాలోచించినది. "సార్, −1 మూలానికి ఐ అని పేరు పెట్టినారు కదా. మరి ఆ ఐకి మూలం కావాలంటే ఇంకొక కొత్త అంకె పుట్టించాల్నా?"

"పుట్టింపవలసినదే! దాని మూలమునకు మరియొకటి, దాని మూలమునకు వేరొకటి. మన తార్కికులు దీనినే అనవస్థ యందురు. లేనిదానిని ఉన్నదనుకొన్నందుకు ఫలమిది" అని నవ్వితిని.

గోడ కావలనుండి ఆమె తండ్రి వినుచుండెనని నేనెరుగను. టమోటా ధర పడిపోయి, కోతకూలి గూడ రాని దినములవి. "లేని అంకెల కోసమా దినమూ బస్సుకు డబ్బులిచ్చేది?" అన్నాడు. మరునాడు బాలిక బస్సెక్కలేదు. ఆ మరునాడును ఎక్కలేదు.

రెండవ రాత్రి ఆమె విడిచిపోయిన పుస్తకము తెరచితిని. మూలమును "య + ర ఐ" అనుకొందము. దానిని వర్గించిన, ఐ వర్గము −1 గావున, వాస్తవభాగము య వర్గములోనుండి ర వర్గము పోగా మిగిలినది. ఐతో కూడిన భాగము య, రల లబ్ధమునకు రెట్టింపు. ఐ మూలము కావలెనన్న మొదటిది సున్న, రెండవది 1 కావలెను. కావున య, రలు సమానములు. ఒక్కొక్కదాని వర్గము ½. అనగా 1 + ఐని 2 యొక్క వర్గమూలముచే భాగించిన చాలును. క్రొత్త సంఖ్య అక్కరలేదు! నమ్మలేక మరల వర్గించి చూచితిని. ఐయే వచ్చినది.

3 + 4ఐని పట్టితిని. వర్గముల భేదము 3, లబ్ధమునకు రెట్టింపు 4. 3, 4ల వర్గముల మొత్తము 25. దాని మూలము 5 మన వర్గముల మొత్తము. మొత్తము 5, భేదము 3 అయినప్పుడు వర్గములు 4, 1. మూలము 2 + ఐ. మొదట గుర్తులు మార్చి నాలుగు మూలములు వ్రాసితిని. లబ్ధము ధనము గావలెను గనుక య, రలకు ఒకటే గుర్తుండవలెనని పిమ్మట తోచి, రెండు కొట్టివేసితిని. రెండవది −2 − ఐ మాత్రమే. ఏ సంకీర్ణసంఖ్యను పట్టినను మూలము ఆ సంఖ్యలలోనే దొరకుచున్నది. నేను చూపిన అనవస్థ ఒక్క మెట్టుతోనే ఆగిపోయినది.

ఇటలీ దేశపు కార్డానో 1545లో, 10ని లబ్ధము 40 అగునట్లు రెండు భాగములు చేయుచు, 5 + √−15, 5 − √−15 అని వ్రాసి, ఇది సూక్ష్మమే గాని నిరుపయోగ మనుకొన్నాడు. 1572లో బొంబెల్లి వీనిని కూడుటకు, గుణించుటకు నియమము లేర్పరచెను. కార్డానో నమ్మకున్నను వ్రాసినాడు. నేను వ్రాయకయే నవ్వితిని.

తెల్లవారి వారింటికి పోయి, తండ్రి యెదుటనే, "అమ్మాయి అడిగినది సరియైన ప్రశ్న, నేను తప్పు చెప్పితిని" అంటిని. ఆయన మాటాడలేదు. పొలములోని బోరుమోటారును త్రిప్పు విద్యుత్తును ఇంజనీర్లు ఈ సంఖ్యలతోనే లెక్కింతురని చెప్పినప్పుడు మాత్రము తలయెత్తెను. వాకిటిలో పుల్లతో గీత గీచితిని. 1 తూర్పు, −1 పడమర. తూర్పుముఖముగ నిలిచి ఎడమకు ఒక మలుపు మలిగిన ఉత్తరము, మరల అంతే మలిగిన పడమర. రెండు మారులు చేసిన −1 వచ్చు మలుపే ఐ. 1799లో వెస్సెలు, 1806లో ఆర్గాండు ప్రకటించిన భావమిది.

"రెండు మారులు మలిగినచో ఉత్తరము రావలెను. ఒకమారు మలిగి ఎటు నిలువవలెను?" అంటిని.

వక్కలు కత్తిరించుచున్న అవ్వ బాలికకంటె ముందే పలికినది. "అదేముంది నాయనా, ఈశాన్యం!"

"రెండోది నైరృతి" అన్నది బాలిక. తూర్పునుండి ఎడమగా నైరృతివరకు తిరిగి, మరల అంత తిరిగినను ఉత్తరమే.

తండ్రి ఆ గీతలను దాటకుండ ప్రక్కగా నడిచి పొలమునకు పోయెను. సోమవారము బాలిక బస్సెక్కినది. ఆ సాయంకాలము అరుగు నొద్దకు వచ్చి, "సార్, ఐకి ఘనమూలం?" అని అడిగినది. ఈమారు "తెలియదు, చూతము" అంటిని. మూడు మూలములు దొరకినవి. ఒకటి దక్షిణము. తక్కిన రెంటికి మన ఎనిమిది దిక్కులలో పేరు లేదు.